ముంగిటికి ఏ బండ?

గృహప్రవేశమునకు ఇంక రెండు దినములే గడువు ఉన్నది. ఇంటి ముంగిట నల్లని బండలు పరచి, సందులలో సిమెంటు నింపుట ముగిసినది. బండలపై అక్కడక్కడ సిమెంటు మరకలు మిగిలినవి. వాటిని పోగొట్టుటకు మేస్త్రీ తన అలవాటు చొప్పున ఆమ్లము తెప్పించి, నీటిలో కలిపి, ముంగిలి అంతట పోయించి చీపురుతో రుద్దించును. ఒక ఇంట మరకలు పోయి బండ అద్దమువలె మెరయును. ప్రక్క ఇంట అదే ఆమ్లము పడినంతనే బండ బుసబుస పొంగి, నలుపు పోయి బూడిదవన్నె తేలి, మెరుపును శాశ్వతముగా కోల్పోవును. పనివానిది తప్పనుకొని ఇంటివారును, రాయి మంచిది కాదని పనివాడును వాదులాడుకొందురు.

నిజమునకు రాయి చెడ్డది కాదు. ఆమ్లమును క్రొత్తది కాదు. రెండును నల్లబండలే అయినను అవి రెండు వేరువేరు జాతుల శిలలు. మొదటిది భూమి లోతులలో ద్రవశిల చల్లారి గట్టిపడుటచే పుట్టినది; రెండవది సముద్రపు అడుగున పేరుకొన్న సున్నపు బురద నుండి పుట్టినది. ఈ భేదమును ముందే గుర్తించి యుండినచో నష్టము కలిగెడిది కాదు. గుర్తించుటకు కావలసిన పరికరములు ఒక నిమ్మకాయ, ఒక ఇనుప మేకు మాత్రమే.

బండను కొనువారు సాధారణముగా రంగును, ధరను చూతురు. కాని ముంగిట పరచిన బండ ఎట్లు నడచుకొనునో నిర్ణయించునవి దాని రసాయన స్వభావము, కాఠిన్యము, అది పీల్చు నీరు, దాని పైభాగపు నునుపు. వీటిని ఒక్కొక్కటిగా పరిశీలింతము.

ముంగిలి పడు పాట్లు

గదిలోని గచ్చు వేరు, ముంగిలి వేరు. గదిలో ఎండయు వానయు ఉండవు. ముంగిలి వేసవిలో పగలంతయు ఎండకు కాగును. అకస్మాత్తుగా పడిన వానకు తడిసి చల్లారును. వానకాలములో నీడపట్టున పాచి పట్టును. ఆవకాయ దినములలో అక్కడనే మామిడికాయలు కొట్టుదురు, చింతపండు పిసికిన నీరు ఒలుకును, నూనె చిందును. మోటారు సైకిళ్లు, ఒక్కొక్కప్పుడు కారు కూడ దానిపైననే నిలుచును. చెప్పులకు అంటుకొని వచ్చిన ఇసుక నిత్యము దానిని రాచుచుండును. అన్నిటికంటె ముఖ్యముగా, తెల్లవారుజామున తడిసిన ముంగిటిపై ముసలివారు నడతురు, పిల్లలు పరుగెత్తుదురు.

కావున ముంగిటి బండకు నాలుగు పరీక్షలు తప్పవు: నీరు, ఆమ్లము, ఎండ, కాలు. ఈ నాలుగింటిలోను అగ్రస్థానము పొందగల రాయి ఏదియు లేదు. ఒక రాయికి ఒక బలము, ఒక బలహీనత ఉండును. ఆ బలహీనతను తెలిసికొని దానికి తగినచోటు ఇచ్చుటయే ఎంపిక యనబడును.

నాపబండల జన్మవృత్తాంతము

తెలుగునాట అనాదిగా ఇండ్లలో పరచుచున్నవి నాపబండలు. కడప జిల్లాలోని జమ్మలమడుగు ప్రాంతపు నల్లబండ, నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల బండ, పల్నాటి నాపరాయి, తెలంగాణములోని తాండూరు నీలిబండ, పసుపుబండ, కర్ణాటకములోని కలబురగి జిల్లా షాబాదు బండ — ఇవి యన్నియు సున్నపురాయి కుటుంబమునకు చెందినవే. భారత భూగర్భ పరిశీలన శాఖకు చెందిన విలియం కింగ్ కడప, కర్నూలు శిలలను పరిశీలించి 1872లో ప్రకటించిన గ్రంథమున జమ్మలమడుగు చెంతనున్న నార్జి గ్రామము పేరిట ఈ సున్నపురాయికి నామకరణము చేసెను. తాండూరు, షాబాదు బండలు భీమానదీ ప్రాంతపు శిలాసముదాయమునకు చెందినవి.

భూమిపై చేపలు సైతము పుట్టుటకు చాల పూర్వము, ఈ ప్రాంతములు లోతులేని సముద్రములుగా నుండెను. ఆ నీటి అడుగున సున్నపు బురద పొరలు పొరలుగా పేరుకొనెను. నడుమ నడుమ పలుచని బంకమట్టి పొర చేరుచుండెను. కాలక్రమమున పైబరువునకు నలిగి ఈ పొరలు రాయిగా మారినవి. గనిలో పనివాడు రాతి అంచున ఉలిని నిలిపి సుత్తితో కొట్టినపుడు బండ పుస్తకపు పుటవలె లేచివచ్చుటకు కారణము ఈ మట్టిపొరలే. యంత్రముతో కోయకుండగనే సమముగా చీలుటచేత నాపబండ చౌకగా లభించుచున్నది. మన పల్లెలలో ఇంటి గచ్చుకే గాక, పొలము గట్టునకు, ఇంటి కప్పునకు, బానలు పెట్టు అరుగులకు కూడ ఇదియే వాడబడినది.

ఏ మట్టిపొర వలన బండ చీలుచున్నదో, ఆ పొరయే దానికి శత్రువు కూడ. బండ మందములో అట్టి పొర మిగిలిపోయినచో, నీరు అందులోనికి దిగి, మట్టి ఉబ్బుచు, ఎండుచు, కొన్ని ఏండ్లకు పైపెచ్చు లేచిపోవును. కావున నాపబండను కొనునపుడు దాని ముఖమును మాత్రమే కాక అంచును కూడ చూడవలెను. అంచుపై సన్నని గీతలు వరుసగా కనబడి, గోటితో గీచిన రాలునట్టి బండను ముంగిటికి వాడరాదు.

ఆమ్లము చేయు హాని

సున్నపురాయిలో ప్రధాన ఖనిజము కాల్సైటు. ఇది కాల్షియం కార్బొనేటు. హైడ్రోక్లోరికామ్లము తగిలినపుడు ఇది కరగి కాల్షియం క్లోరైడుగా మారును. కార్బన్ డయాక్సైడు అను బొగ్గుపులుసు వాయువు బుడగలుగా వెలువడును. బండపై వినబడు బుసబుస ధ్వని ఆ వాయువుదే.

ఎంత రాయి కరగునో లెక్క వేయవచ్చును. 73 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడు 100 గ్రాముల కాల్షియం కార్బొనేటును కరగించును. నూటికి పదిపాళ్ల బలముగల ఆమ్లము ఒక లీటరులో సుమారు 105 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడు ఉండును. ఇది 144 గ్రాముల రాతిని, అనగా దాదాపు 53 ఘన సెంటీమీటర్ల రాతిని తినివేయగలదు. ఈ లీటరును ఒక చదరపు మీటరు బండపై పోసినచో, పైనుండి సుమారు 0.05 మిల్లీమీటరు పొర పోవును. ఇది పలుచని కాగితపు మందము గదా, దీనితో వచ్చిన నష్టమేమి యని తోచవచ్చును. కాని బండకు మెరుపు రావలెనన్న దాని ఎగుడుదిగుడులు కాంతి తరంగపు పొడవుకంటె చిన్నవిగా నుండవలెను. కాంతి తరంగపు పొడవు సుమారు 0.0005 మిల్లీమీటరు. ఆమ్లము తినివేసిన పొర దీనికి నూరింతలు. అదియును అంతట సమముగా తినదు. మెత్తని చోట ఎక్కువగాను, గట్టిచోట తక్కువగాను తినును. అందుచేత మెరుపు పోవుటలో ఆశ్చర్యము లేదు.

నిమ్మరసము, చింతపండు నీరు, పచ్చిమామిడి రసము హైడ్రోక్లోరికామ్లమంత బలమైనవి కావు. కాని మెరుగుపెట్టిన సున్నపు బండపై రాత్రియంతయు నిలిచినచో అవియును మచ్చ చేయును. అది పైన పట్టిన మరక కాదు. రాయి తినబడిన గుర్తు. కావున ఎంత కడిగినను పోదు. మరల మెరుగు పెట్టించవలసినదే.

వాననీరు కూడ ఒక బలహీనమైన ఆమ్లమే. గాలిలోని బొగ్గుపులుసు వాయువును కరగించుకొని అది సున్నపురాతిని మెల్లమెల్లగా తినును. నంద్యాల జిల్లాలోని బెలుం గుహలు ఇందుకు నిదర్శనము. 3,229 మీటర్ల పొడవుగల ఆ గుహలు నాపరాతి జాతికి చెందిన సున్నపురాతిలో నీరు తొలిచినవే. అయితే అందుకు పట్టిన కాలము లక్షల సంవత్సరములు. ఒక ఇంటి ఆయుర్దాయములో వాన తినివేయు రాయి అత్యల్పము. వందల ఏండ్ల వానకు లొంగని బండను పనివాని చేతిలోని ఒక్క బక్కెట్టు ఆమ్లము పాడుచేయుచున్నది.

సిమెంటు మరక పడకుండ చూచుకొనుటయే ఉత్తమము. సందులు నింపిన వెంటనే, సిమెంటు గట్టిపడకముందే, తడిగోనెతో తుడిచినచో మరక మిగులదు. ఆమ్లము వాడిన ఇంట మరియొక ప్రమాదము కలదు. దానితో బ్లీచింగు పొడి కలిసినచో విషవాయువగు క్లోరిను వెలువడును. ఈ రెండింటిని ఎన్నడును కలుపరాదు.

గ్రానైటు, దాని బంధువులు

గ్రానైటు అగ్నిశిల. భూమి లోతులలో ద్రవశిల అతి నెమ్మదిగా చల్లారుటచే దానిలోని ఖనిజములు కంటికి కనబడునంతటి స్ఫటికములుగా పెరిగినవి. వానిలో ముఖ్యమైనవి పలుగురాయి, ఫెల్డ్‌స్పారు, అభ్రకము. కాఠిన్యపు పట్టికలో వజ్రము 10 కాగా పలుగురాయి 7, ఫెల్డ్‌స్పారు 6, కాల్సైటు 3. చెప్పులకంటిన ఇసుకలో ప్రధానముగా ఉండునది పలుగురాయియే గనుక అది కాల్సైటును సులభముగా గీచును. గ్రానైటును అంతగా గీయజాలదు. అందుచేత మెరుగుపెట్టిన నాపబండ ముంగిట కొన్ని ఏండ్లలో మాసిపోవును; గ్రానైటు మెరుపు తరములు నిలుచును.

కరీంనగరు ప్రాంతపు గోధుమవన్నె గ్రానైటు దేశదేశములకు ఎగుమతి అగుచున్నది. ప్రకాశం జిల్లాలోని చీమకుర్తి నల్లరాయిని వర్తకులు గ్రానైటు అని పిలిచినను, అది శాస్త్రరీత్యా గాబ్రో అను శిలాజాతికి చెందినది. నల్లని నేలపై చుక్కలవలె మెరయు బంగారువన్నె పలుకులు బ్రాంజైటు అను ఖనిజపు రేకులు. గాబ్రోలో ఇనుము, మెగ్నీషియముగల బరువైన ఖనిజములు ఎక్కువ. కావున దాని సాంద్రత 3కు సమీపముగా నుండును. నాపరాయిది సుమారు 2.7.

గ్రానైటు ఆమ్లమునకు లొంగదని చెప్పుట సామాన్యముగా నిజమే. కాని దానిలోని ఇనుప ఖనిజములు ఘాటైన ఆమ్లముచే త్రుప్పువన్నె మచ్చలను ఇచ్చుట కలదు. బండల సందులలోని సిమెంటు కూడ సున్నముతో కూడినదే గనుక దానిని ఆమ్లము తినివేయును. కావున గ్రానైటు ముంగిటికి కూడ ఆమ్లము అక్కరలేని స్నానమే.

ఇసుకరాయి, పలకరాయి, ఇటుక, సిమెంటు దిమ్మెలు

ఇసుకరాయి గరుకుగా నుండి కాలు జారనీయదు. కాని దాని రేణువుల నడుమ సందులు ఉండుటచే నీటిని, నూనెను పీల్చును. మార్కాపురపు పలకరాయి ఒకప్పుడు బడిపిల్లల చేతిలోని పలక. అది మట్టిశిల ఒత్తిడికి మారి పుట్టినది. పలుచగా చీలును గనుక గోడకు, కాలిబాటకు తగును గాని చక్రముల బరువునకు తగదు. కాల్చిన ఇటుక చల్లగా, గరుకుగా నుండును. అయితే సామాన్యపు ఇటుక తన బరువులో నూటికి ఇరువది వంతుల వరకు నీరు పీల్చుటకు భారతీయ ప్రమాణములు అనుమతించుచున్నవి. అంత నీరు పీల్చు వస్తువుపై పాచి త్వరగా పట్టును. సముద్రతీరపు ఊళ్లలోను, చవిటినేలల మీదను ఆ నీటితోపాటు ఉప్పు కూడ లోనికి పోయి, నీరు ఆవిరియైనపుడు స్ఫటికములుగా పెరిగి ఇటుకను పొడిగా రాల్చును. సిమెంటు దిమ్మెలు ఒకదానితో నొకటి పెనవేసికొని ఇసుకపై నిలుచును గనుక ఒకటి పగిలినను దానిని మాత్రము తీసి మార్చవచ్చును. బండి నిలుపు చోటికి ఇవి అనుకూలములు.

బడిలోను ఇంటను చేయదగిన పరీక్షలు

బండ కొనుటకు ముందు దుకాణములో అరచేయి యంతటి ముక్కను అడిగి తెచ్చుకొనవలెను. దానిపై ఈ పరీక్షలు చేయవచ్చును.

మొదటిది నిమ్మకాయ పరీక్ష. ముక్క వెనుకవైపు మేకుతో గీచి కొంచెము పొడి రాల్చి, దానిపై నిమ్మరసపు చుక్కలు వేయవలెను. సన్నని బుడగలు లేచినచో అది సున్నపురాయి. డోలమైటు అను మెగ్నీషియముగల సున్నపురాయిలో బుడగలు మందముగా వచ్చును. కావున పొడిపైననే చుక్క వేయుట మంచిది. గ్రానైటులో ఏమియు జరుగదు.

రెండవది మేకు పరీక్ష. ఇనుప మేకుతో గట్టిగా గీచినపుడు నాపరాతిపై తెల్లని గాడి పడును. గ్రానైటుపై గాడి పడక, మేకే అరిగి లోహపు గీత మిగులును. తడివ్రేలితో తుడిచిన అది గాడియో గీతయో తెలియును. ఈ రెండు పరీక్షలతో కడప నలుపును చీమకుర్తి నలుపును తప్పక వేరుపరచవచ్చును.

మూడవది నీటి పరీక్ష. ముక్కను రెండు మూడు దినములు మంచి ఎండలో ఆరబెట్టి తూచవలెను. తరువాత 24 గంటలు నీటిలో నానబెట్టి, పైతడిని గుడ్డతో అద్ది, మరల తూచవలెను. పెరిగిన బరువును మొదటి బరువుతో భాగించి నూరుతో హెచ్చించినచో ఆ రాయి నూటికి ఎంత నీరు పీల్చునో తెలియును. ఉదాహరణకు 1,000 గ్రాముల ముక్క 1,004 గ్రాములైనచో 0.4 వంతు, ఇది మంచి రాయి. 1,050 గ్రాములైనచో 5 వంతులు. అట్టిదానిని నూనె చిందు చోట పరచరాదు.

నాలుగవది ధ్వని పరీక్ష. బండను ఒక అంచున నిలిపి సుత్తితో మెల్లగా తట్టవలెను. లోన పగులు లేనిది కంచువలె ఖంగున మ్రోగును. పగులు ఉన్నది బోలుగా పలుకును. ధ్వని తరంగములు పగులుచోట ఆగి చెదరిపోవుటయే ఇందుకు కారణము.

అయిదవది తూనిక పరీక్ష. ఇది ఆర్కిమిడీసు సూత్రమును బోధించుటకు తగిన ప్రయోగము. ముక్కను దారముతో స్ప్రింగు త్రాసునకు కట్టి గాలిలోను, నీటిలో ముంచియు తూచవలెను. గాలిలో 540 గ్రాములు, నీటిలో 340 గ్రాములు తూగినచో తేడా 200, సాంద్రత 2.7.

మెరుపు, జారుడు

దుకాణములో అద్దమువలె మెరయు బండ కంటికి ఇంపుగా నుండును. అదే బండ తడిసినపుడు ప్రాణాపాయము కలిగించగలదు. పొడి బండపై పాదము నేరుగా రాతిని తాకును. తడిసిన నున్నని బండపై పాదమునకు రాతికి నడుమ పలుచని నీటిపొర నిలిచి, పాదము ఆ పొరపై తేలిపోవును. సబ్బునీరు గాని పాచి గాని తోడైనచో చెప్పనక్కరలేదు. గరుకు బండపై నీరు గుంటలలోనికి దిగిపోయి, ఎత్తైన మొనలు పాదమును పట్టుకొనును. ముసలితనమున ఎముకలు పెళుసుబారి యుండును. జారిపడినపుడు తుంటియెముక విరిగి మంచమెక్కిన పెద్దలు ఎందరో కలరు. ముంగిలి మెరుపు ఆ ధరకు తగినది కాదు.

జారుడును కొలుచుట కష్టము కాదు. బండను తడిపి, దానిపై ఇంటివారు వాడు చెప్పును ఉంచి, చెప్పులో ఒక బరువు పెట్టి, బండ ఒక అంచును మెల్లగా ఎత్తవలెను. చెప్పు జారనారంభించినపుడు బండ లేచిన ఎత్తును, దాని క్రింద నేలపై పరచుకొన్న దూరముతో భాగించినచో ఘర్షణ గుణకము వచ్చును. 60 సెంటీమీటర్ల దూరమునకు 30 సెంటీమీటర్లు ఎత్తువరకు చెప్పు నిలిచినచో గుణకము 0.5. అదే రాతి యొక్క నున్నని ముక్కను, గరుకు ముక్కను తడిపి పోల్చినచో విద్యార్థులు ఫలితమును చూచి ఆశ్చర్యపడుదురు. ముంగిటికి, మెట్లకు, స్నానపుగదికి గరుకు ముఖముగల బండనే కోరవలెను. గ్రానైటును మంటతో కాల్చి గరుకు చేయు పద్ధతి కలదు. మంటకు పైనున్న స్ఫటికములు వేరువేరు పరిమాణములలో వ్యాకోచించి చిట్లి రాలుటచే ముఖము గరుకగును. నాపరాయి చీలినపుడు ఏర్పడు సహజమైన ముఖము మెరుగు పెట్టనంతవరకు ముంగిటికి చక్కగా సరిపోవును.

ఎండయు, కళ్లాపియు

నల్లని బండ తనపై పడిన ఎండలో అధికభాగమును గ్రహించును. లేతవన్నె బండ కొంత భాగమును త్రిప్పి పంపును. వైశాఖ మాసపు మధ్యాహ్నము నల్లబండపై వట్టికాలు మోపజాలకుండుట అందరెరిగినదే. అంతేకాదు, పగలు గ్రహించిన వేడిని రాయి రాత్రి విడుచును. 50 చదరపు మీటర్ల ముంగిట రెండున్నర సెంటీమీటర్ల మందపు బండ పరచినచో ఆ రాతి బరువు సుమారు 3,375 కిలోగ్రాములు. రాతి విశిష్టోష్ణము సుమారు 0.2. ఆ రాయి 20 డిగ్రీలు చల్లారుటకు 13,500 కిలోకెలోరీల ఉష్ణమును విడువవలెను. ఇది దాదాపు రెండు కిలోల బొగ్గు మండినప్పటి వేడి. ఇంటి గుమ్మము ముందు ప్రతి సాయంకాలము ఆ కుంపటి వెలుగుచున్నట్లే.

ఒక లీటరు నీరు ఆవిరి యగుటకు సుమారు 580 కిలోకెలోరీలు కావలెను. అనగా పై వేడిని తొలగించుటకు 23 లీటర్ల నీరు పూర్తిగా ఆవిరియైన చాలును. సాయంకాలము వాకిట నీరు చల్లు మన గృహిణుల ఆచారము వెనుక నున్న భౌతికశాస్త్రము ఇదియే. అయితే నీరు కరవైన చోట లేతవన్నె బండను ఎంచుట, లేక ముంగిటిలో కొంత మేర వేపచెట్టు నీడకు విడుచుట మేలు.

వేడికి బండ పొడవు కూడ పెరుగును. 6 మీటర్ల వరుస 30 డిగ్రీలు వేడెక్కినచో సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు సాగును. సందులు విడువక బండలను ఒకదానికొకటి తాకించి బిగించినచో, సాగుటకు చోటులేక నడుమ బండ పైకి లేచును.

పరచు పద్ధతి

ఎంత మంచి రాయి అయినను క్రింద బోలుగా నున్నచో పగులును. బండ వంపునకు తట్టుకొను శక్తి దాని మందపు వర్గమును బట్టి యుండును. 2 సెంటీమీటర్ల బండకంటె 4 సెంటీమీటర్ల బండ నాలుగింతలు బలమైనది. కారు నిలుచు చోట పలుచని బండ వేసి, అడుగున అక్కడక్కడ ముద్దలుగా మాత్రము సిమెంటు పెట్టుట పగులును పిలిచి తెచ్చుకొనుటయే. పరచిన మరునాడు కర్రతో తట్టి బోలుధ్వని వచ్చు బండలను తీసి మరల వేయించవలెను.

నీరు నిలువకుండ ఇంటి గోడ నుండి వెలుపలికి వాటము ఇవ్వవలెను. 80కి 1 చొప్పున, అనగా 4 మీటర్ల ముంగిటికి 5 సెంటీమీటర్ల వాలు, చాలును. రసమట్టముతోనో, నీరు నింపిన పారదర్శకపు గొట్టముతోనో దీనిని సరిచూడవచ్చును.

ఆ నీరు ఎక్కడికి పోవుచున్నదను ప్రశ్న కూడ ముఖ్యమైనదే. ఏటికి 80 సెంటీమీటర్ల వాన పడుచోట 50 చదరపు మీటర్ల ముంగిటిపై పడు నీరు 40,000 లీటర్లు. బండల సందులన్నియు సిమెంటుతో మూసినచో ఈ నీరంతయు వీధి కాలువ పాలగును. ఆ ఇంటి గొట్టపుబావియే వేసవిలో ఎండును. చక్రములు తిరుగని భాగమున బండలను కంకర, ఇసుక పరుపుపై వేసి, సందులను ఇసుకతో నింపినచో నీటిలో కొంతభాగము నేలలోనికి ఇంకును. మిగిలినదానిని ఒక ఇంకుడుగుంతకు మళ్లించవచ్చును. ఇట్టి పరుపుపై వేసిన బండకు సిమెంటు మరకయు ఉండదు, ఆమ్లపు అవసరమును ఉండదు.

రాతిపొడి

బండ ఎంపికలో ఇంటివారు తలచుకొనని వ్యక్తి ఒకడు కలడు: దానిని కోయువాడు. గ్రానైటులో సాధారణముగా నాలుగింట ఒక వంతు పలుగురాయి, అనగా సిలికా. యంత్రపు చక్రముతో దానిని పొడిగా కోసినపుడు లేచు సన్నని ధూళి ఊపిరితిత్తులలో చేరి, అక్కడి మెత్తని కణజాలమును గట్టి మచ్చలుగా మార్చును. ఈ సిలికోసిసు వ్యాధికి నయముచేయు మందు లేదు. 1948 నాటి కర్మాగారముల చట్టము దీనిని ప్రభుత్వమునకు తెలుపవలసిన వ్యాధులలో చేర్చినది. 1997లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఇట్టి సిలికా ధూళి మానవులకు క్యాన్సరు కలిగించునని నిర్ధారించినది. కోయుచోట నీరు ధారగా పోయించుట, ధూళిని ఆపు ముఖకవచమును ఇచ్చుట ఇంటివారి చేతిలోని పని. వీలైనంతవరకు కావలసిన కొలతలకు ముందే కోసిన బండలను తెప్పించుకొన్నచో ఇంటి ఎదుట ధూళియే లేవదు. ముక్కుకు కట్టుకొన్న పలుచని గుడ్డ ఈ ధూళిని ఆపజాలదు.

తుది మాట

పై విషయములను క్రోడీకరించినచో ఎంపిక సులభమగును. నడకకు మాత్రమే వాడు ముంగిటికి, నీడ గల పెరటికి సహజ ముఖముగల నాపబండ చాలును. అది చౌక, దగ్గరలోనే దొరకును. వంటపని, పచ్చళ్లపని జరుగు చోటికి, బరువు మోయు చోటికి మందపు గరుకు గ్రానైటు తగును. బండి నిలుపుటకు సిమెంటు దిమ్మెలు మేలు. ఎండ ఎక్కువగా పడుచోట నల్లరంగును, తడి పడుచోట మెరుపును విడువవలెను. నాపబండ ఏ ఇంటనున్నను ఆమ్లపు సీసాను ఆ గుమ్మము దాటనీయరాదు.

ఉపాధ్యాయులు తమ ఊరిలో దొరకు నాలుగైదు జాతుల రాతిముక్కలను ప్రోగుచేసి, పై పరీక్షలను విద్యార్థులచే చేయించవచ్చును. నిమ్మకాయ, మేకు, త్రాసు, బక్కెట్టెడు నీరు లేని బడి ఉండదు. ఒక వారము శ్రమతో రసాయన శాస్త్రము, భౌతిక శాస్త్రము, భూగర్భ శాస్త్రము మూడును ఒక్కచోట బోధపడును. ఆ పిల్లలలో ఎవరో ఒకరి ఇంట రేపు గృహప్రవేశము జరుగును. మేస్త్రీ ఆమ్లపు సీసా మూత తీయబోవునపుడు, “ఆగుమయ్యా, అది నాపరాయి” అని ఆ బిడ్డ చెప్పగలిగిన నాడు ఈ పాఠము సార్థకమగును.